‘బస్సు దిగి చూస్తే పర్సు లేదు’: ఇంగ్లిష్‌లో ఈ వాక్యం ఎందుకు తప్పు?

ప్రవేశ పరీక్షల ఇంగ్లిష్ మీద ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వాక్యాలు సరిచేయడం గురించే. చాలామంది చివర్లో ఒకే మాట రాశారు: ‘చదివితే బాగానే ఉంది, తప్పెక్కడో తెలియడం లేదు’ అని. బాగానే అనిపించడానికి కారణం మన తెలుగే. తెలుగులో నూటికి నూరుపాళ్లూ ఒప్పయిన కట్టు ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి తప్పవుతుంది. అది ఎక్కడెక్కడ జరుగుతుందో తెలిస్తే సగం తప్పులు దొరికిపోతాయి. ఇంగ్లిష్ వాక్యాలను ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. పక్కన కాగితం పెట్టుకుని ఇంగ్లిష్‌లో రాసుకుంటూ చదవండి, ముఖ్యంగా కామాల దగ్గర.

ప్రశ్న: జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) కోసం కొన్న మెటీరియల్‌లో సెంటెన్స్ కరెక్షన్ వంద పేజీలు ఉంది. ఆ భాగమే తీసేశారని స్నేహితురాలు అంటోంది. నిజమేనా? – డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నిజమే. 2023 నవంబరులో మొదలైన కొత్త జీమ్యాట్‌లో సెంటెన్స్ కరెక్షన్ లేదు. పాత పరీక్ష 2024 జనవరి 31తో ఆగిపోయింది. ఇప్పుడు వెర్బల్ అనే ఇంగ్లిష్ విభాగంలో 45 నిమిషాలకు 23 ప్రశ్నలుంటాయి, అన్నీ రీడింగ్ కాంప్రహెన్షన్, క్రిటికల్ రీజనింగే. విదేశాల్లో పీజీ చదువుకు రాసే జీఆర్ఈలోనూ ఈ రకం ప్రశ్న లేదు. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్‌లో కొన్నేళ్లుగా నేరుగా గ్రామర్ అడగడం లేదు.

గ్రామర్ నేరుగా ఎక్కువగా పనికొచ్చేది అమెరికాలో డిగ్రీ ప్రవేశానికి రాసే శాట్‌లో. రీడింగ్ అండ్ రైటింగ్‌లో 64 నిమిషాలకు 54 ప్రశ్నలు, వాటిలో 11 నుంచి 15 దాకా వ్యాకరణం, విరామచిహ్నాల మీద వస్తాయి. ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు మన తెలంగాణ నిర్వహించే ఐసెట్‌లో 200 ప్రశ్నలకు కమ్యూనికేషన్ ఎబిలిటీవి 50, అందులో ఫంక్షనల్ గ్రామర్ ఒక భాగం. మీరు రాసేది జీమ్యాట్ ఒక్కటే అయితే ఆ వంద పేజీలు పక్కన పెట్టేయండి. శాట్‌కో ఐసెట్‌కో కూడా వెళ్తుంటే దాచుకోండి, కింద ఇంకో జవాబులో వాటి సంగతి వస్తుంది.

ప్రశ్న: మాక్ టెస్టులో ‘గెటింగ్ ఆఫ్ ద బస్, మై పర్స్ వజ్ మిస్సింగ్’ అన్న వాక్యం తప్పన్నారు. ‘బస్సు దిగి చూస్తే పర్సు లేదు’ అని రోజూ అంటాం కదా. అర్థం కూడా తెలుస్తూనే ఉంది. – ఇంటర్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: బడిలో తెలుగు వ్యాకరణంలో క్త్వార్థకం (‘చేసి’, ‘వెళ్లి’ లాంటి అసమాపక క్రియ) చదివే ఉంటారు. ‘సీత వంట చేసి బడికి వెళ్లింది’: చేసిందీ సీతే, వెళ్లిందీ సీతే. మామూలుగా రెండు పనులకూ కర్త ఒకరే. కానీ తెలుగు ఇక్కడ కొంత సడలింపు ఇస్తుంది. ‘వానలు కురిసి చెరువులు నిండాయి’ అంటాం. కురిసింది వానలు, నిండింది చెరువులు. కర్తలు ఇద్దరైనా వాక్యం ఒప్పే. ‘దిగి చూస్తే పర్సు లేదు’ కూడా అంతే. దిగిందీ చూసిందీ నేను, లేనిది పర్సు. ‘నేను’ అన్న మాట ఎక్కడా లేకపోయినా వినేవాడికి తెలుస్తుంది.

పరీక్షల్లో అడిగే ఇంగ్లిష్ ఈ సడలింపు ఇవ్వదు. వాక్యం మొదట్లో కర్త లేని పదబంధం వచ్చి, దాని తర్వాత కామా ఉంటే, కామా అవతలి వాక్యానికి కర్త ఏదో అదే ఆ పని చేసినట్టు లెక్క. మీ వాక్యంలో కామా దాటగానే ఉన్నది ‘మై పర్స్’. అంటే బస్సు దిగింది పర్సే. దీన్నే డాంగ్లింగ్ మాడిఫయర్ అంటారు.

కాబట్టి కామా దగ్గర ఆగి ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ పని ఎవరిది? ఈ నమూనా చూడండి.

‘బిల్ట్ ఇన్ 1591, ______’

మొదటి ఆప్షన్: టూరిస్ట్స్ ఫ్రమ్ మెనీ కంట్రీస్ విజిట్ చార్మినార్.
రెండోది: ద ఫేమ్ ఆఫ్ చార్మినార్ అట్రాక్ట్స్ టూరిస్ట్స్ ఫ్రమ్ మెనీ కంట్రీస్.
మూడోది: చార్మినార్ అట్రాక్ట్స్ టూరిస్ట్స్ ఫ్రమ్ మెనీ కంట్రీస్.
నాలుగోది: దేర్ ఆర్ టూరిస్ట్స్ ఫ్రమ్ మెనీ కంట్రీస్ హూ విజిట్ చార్మినార్.

1591లో కట్టింది దేన్ని? చార్మినార్‌ని. మొదటి ఆప్షన్‌లో టూరిస్టుల్ని కట్టారు. నాలుగోదాంట్లో ‘దేర్’ వచ్చి కూర్చుంది. ఎక్కువ మంది పడేది రెండో ఆప్షన్‌లో, ఎందుకంటే చార్మినార్ పేరు కామాకు దగ్గరలోనే కనిపిస్తుంది. కానీ అక్కడి అసలు కర్త ‘ఫేమ్’. పేరుప్రఖ్యాతుల్ని 1591లో కట్టలేదు. మిగిలింది మూడోది.

ఇదే ఉచ్చు షష్ఠీ విభక్తి రూపంలోనూ వేస్తారు. ‘హావింగ్ ఫౌండెడ్ ద సిటీ, కులీ కుతుబ్ షాస్ నేమ్ రిమైన్డ్ ఇన్ హిస్టరీ’ అన్నప్పుడు నగరాన్ని స్థాపించింది కులీ కుతుబ్ షా కాదు, ఆయన ‘నేమ్’. అపాస్ట్రఫీ ఎస్ కనిపిస్తే దాని తర్వాతి మాట మీద వేలు పెట్టి చూడండి.

సరిచేసే దారులు రెండే. కామా తర్వాత అసలు కర్తను తేవాలి: ‘గెటింగ్ ఆఫ్ ద బస్, ఐ ఫౌండ్ మై పర్స్ మిస్సింగ్’. లేదా మొదటి భాగానికి దాని కర్తను దానికే ఇచ్చేయాలి: ‘వెన్ ఐ గాట్ ఆఫ్ ద బస్, మై పర్స్ వజ్ మిస్సింగ్’. శాట్‌లో ఎక్కువగా మొదటి దారే ఉంటుంది, ఎందుకంటే కామా ముందు భాగాన్ని వాళ్లు కదపనివ్వరు. ఒక్క మినహాయింపు: ‘కన్సిడరింగ్’, ‘గివెన్’ లాంటివి విభక్తి ప్రత్యయాల్లా పనిచేస్తాయి. వాటికి కర్తను వెతకనక్కర్లేదు.

ప్రశ్న: ‘ద ప్రిన్సిపల్, అలాంగ్ విత్ ద లెక్చరర్స్, ____ అరైవ్డ్’ దగ్గర ‘హ్యాజ్’ సరైన జవాబన్నారు. వచ్చింది చాలామంది కదా, ‘హ్యావ్’ ఎందుకు కాదు? – ఐసెట్ అభ్యర్థి, తార్నాక

జవాబు: దీనికి మాత్రం తెలుగే మీకు సాయం. ‘అమ్మా నాన్నా వచ్చారు’ అంటాం. ‘నాన్నతో పాటు అమ్మ వచ్చింది’ అంటాం. ఇద్దరూ వచ్చినా రెండో వాక్యంలో క్రియ అమ్మ ఒక్కదానికే కట్టుబడింది. ‘అలాంగ్ విత్’ అంటే మన ‘తో పాటు’. ‘టుగెదర్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’, ‘ఇన్ అడిషన్ టు’, ‘ఇంక్లూడింగ్’ కూడా ఈ కోవలోవే. ఇద్దరిని కలిపి బహువచనం చేసే శక్తి ‘అండ్’కే ఉంది.

ఐసెట్‌లో 150 నిమిషాలకు 200 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. అంత తక్కువలో పనికొచ్చే పద్ధతి: కర్తకూ క్రియకూ మధ్య ఉన్నదంతా పెన్సిల్‌తోనో మనసులోనో కొట్టేయండి. ‘ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ సోల్డ్ ఇన్ దీస్ మార్కెట్స్ ___ గుడ్’లో ‘ఆఫ్’ నుంచి ‘మార్కెట్స్’ దాకా తీసేస్తే మిగిలేది ‘క్వాలిటీ’. అందుకే ‘ఈజ్’. ఖాళీకి ఆనుకుని ‘మార్కెట్స్’ అని పెట్టడమే ప్రశ్న వేసినవాళ్ల పని.

‘ద నంబర్ ఆఫ్’ ఏకవచనం, ‘ఎ నంబర్ ఆఫ్’ బహువచనం. ‘ఈచ్’, ‘ఎవ్రీ’ ఏకవచనం. ‘ఐదర్–ఆర్’, ‘నైదర్–నార్’లో క్రియకు దగ్గరగా ఉన్న కర్త మాట చెల్లుతుంది. ‘వన్ ఆఫ్ ద’ తర్వాత నామవాచకం బహువచనమే. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అని హైదరాబాద్ అంతటా వినిపిస్తుంది, పరీక్షలో మాత్రం తప్పు. తలకిందుల వాక్యాల దగ్గర ఇంకాస్త జాగ్రత్త: ‘ఆన్ ద టాప్ షెల్ఫ్ ___ త్రీ డిక్షనరీస్’లో కర్త చివర్న ఉంది. షెల్ఫ్ చూసి ‘ఈజ్’ పెట్టకండి, అక్కడ ‘ఆర్’ రావాలి.

ప్రశ్న: ‘ద సమ్మర్స్ ఆఫ్ హైదరాబాద్ ఆర్ మైల్డర్ దేన్ విజయవాడ’. ఇందులో తప్పేమిటో ఎంత చూసినా కనబడలేదు. – గృహిణి, మల్కాజ్‌గిరి (మా అబ్బాయి హోంవర్కు)

జవాబు: కనబడదు, ఎందుకంటే ‘హైదరాబాద్ ఎండలు విజయవాడ కంటే నయం’ అన్నది చక్కటి తెలుగు. ‘విజయవాడ ఎండల కంటే’ అని ఎవరూ సాగదీయరు. ఇంగ్లిష్ వాక్యం మాత్రం రాసింది రాసినట్టే తూకం వేస్తుంది: ఒక పళ్లెంలో ఎండాకాలాలు, రెండో పళ్లెంలో ఒక ఊరు. రెండు పళ్లేల్లో ఒకే జాతి వస్తువు ఉండాలి. ‘దేన్ దోజ్ ఆఫ్ విజయవాడ’ అంటే తూకం సరిపోతుంది. పోల్చేది ఏకవచనమైతే ‘దట్ ఆఫ్’: ‘ద పాపులేషన్ ఆఫ్ హైదరాబాద్ ఈజ్ లార్జర్ దేన్ దట్ ఆఫ్ వరంగల్’.

మీ అబ్బాయికి ఇలా చెప్పండి: ‘దేన్’, ‘లైక్’, ‘అన్‌లైక్’, ‘సిమిలర్ టు’, ‘కంపేర్డ్ విత్’ కనిపించగానే వాటికి రెండు వైపులా ఉన్న నామవాచకాల కింద గీత గీయాలి. గీత గీశాక తప్పు తనంతట తానే బయటపడుతుంది. ‘అన్‌లైక్ విజయవాడ, ద సమ్మర్స్ ఆఫ్ హైదరాబాద్...’ అని ముందు పెట్టినా అదే తప్పు. ఇంకొకటి, ఒకే గుంపులోవాటిని పోల్చేటప్పుడు ‘అదర్’ మరవకూడదు. ‘హైదరాబాద్ ఈజ్ లార్జర్ దేన్ ఎనీ సిటీ ఇన్ తెలంగాణ’ అంటే హైదరాబాద్ తనకంటే తానే పెద్దదవుతుంది. ‘ఎనీ అదర్ సిటీ’ అనాలి.

ప్రశ్న: శాట్‌లో కామా, సెమీకోలన్ ప్రశ్నలే మార్కులు తినేస్తున్నాయి. ‘హౌఎవర్’ వస్తే మరీ. ఒక పద్ధతి చెప్పగలరా? – పదకొండో తరగతి, గచ్చిబౌలి

జవాబు: తెలుగులో విరామచిహ్నాల పట్టింపు తక్కువ. ‘వాన వచ్చింది, మ్యాచ్ ఆగింది’ అని కామాతో అతికించేస్తాం, ఎవరూ తప్పు పట్టరు. శాట్‌లో దాని పేరు కామా స్ప్లైస్, ఖచ్చితంగా తప్పు.

ఈ వాక్యం తీసుకోండి: ‘ద ఫ్లడ్ ఆఫ్ 1908 డిస్ట్రాయ్డ్ థౌజండ్స్ ఆఫ్ హౌసెస్ ____ ద నిజామ్ దెన్ ఇన్వైటెడ్ విశ్వేశ్వరయ్య టు ప్లాన్ ఫ్లడ్ ప్రొటెక్షన్.’ ముందుగా ఖాళీ దగ్గర ఫుల్‌స్టాప్ పెట్టి చూడండి. రెండు ముక్కలూ విడివిడిగా నిలబడుతున్నాయి. అలా నిలబడితే మధ్యలో పెట్టదగినవి: ఫుల్‌స్టాప్, సెమీకోలన్, లేదా కామాతో పాటు ‘అండ్, బట్, ఆర్, నార్, ఫర్, సో, యెట్’ అనే ఏడింటిలో ఒకటి. ఉత్త కామా చాలదు. ఏమీ పెట్టకపోవడమూ కుదరదు. ‘దెన్’, ‘దేర్‌ఫోర్’, ‘మోర్ఓవర్’, ‘హౌఎవర్’ ఆ ఏడింటిలో లేవు, కామా పక్కన చేరినా అవి వాక్యాలను కలపలేవు.

ఇక్కడ ఒక కిటుకు. మాటలన్నీ అవే ఉండి ఒక ఆప్షన్‌లో ఫుల్‌స్టాప్, ఇంకోదాంట్లో సెమీకోలన్ ఉంటే రెండూ కొట్టేయండి. రెండింటి పనీ ఒకటే, సరైన జవాబు ఒక్కటే ఉండాలి కాబట్టి ఏదీ కాదు.

ఇక ‘హౌఎవర్’. దీనికి సెమీకోలన్ ముందా వెనకా అన్నది అర్థం తేలుస్తుంది. చూడండి: ‘సమ్ పీపుల్ థింక్ హుస్సేన్ సాగర్ ఈజ్ ఎ నేచురల్ లేక్. ఇట్ వజ్ బిల్ట్ ఇన్ ద సిక్స్‌టీన్త్ సెంచరీ ____ ఇట్స్ వాటర్ కేమ్ ఫ్రమ్ ద మూసీ.’ ఎదురు తిరిగే మాట ఏది? సహజమైన చెరువు అనుకుంటున్నారు, అయితే అది కట్టింది. అంటే వైరుధ్యం పై వాక్యంతో. మూసీ నీటికీ కట్టడానికీ వైరుధ్యమేమీ లేదు. కాబట్టి ‘హౌఎవర్’ కట్టడం వైపే ఉండాలి: ముందు కామా, ‘హౌఎవర్’, తర్వాత సెమీకోలన్. అలవాటు కొద్దీ సెమీకోలన్ ముందు పెట్టేస్తే ‘పదహారో శతాబ్దంలో కట్టారు, అయితే నీళ్లు మూసీ నుంచి వచ్చాయి’ అని అర్థం లేని మాట తయారవుతుంది. మనం ‘అయితే’ను ఎప్పుడూ వాక్యం మొదట్లోనే పెడతాం, అందుకే వెనక పెట్టే ఆప్షన్ వింతగా అనిపిస్తుంది. వింతగా ఉందని వదిలేయకండి. పై వాక్యం మళ్లీ చదవండి.

కోలన్‌కు ఒక్కటే షరతు, దాని ముందున్నది పూర్తి వాక్యం కావాలి. ‘ద సిటీ గాట్ టూ రిజర్వాయర్స్’ అని కోలన్ పెట్టి ‘ఉస్మాన్ సాగర్ అండ్ హిమాయత్ సాగర్’ అనవచ్చు. ‘ద టూ రిజర్వాయర్స్ ఆర్’ తర్వాత పెట్టకూడదు. మధ్యలో వచ్చే అదనపు సమాచారాన్ని కామాతో తెరిస్తే కామాతోనే మూయాలి, డాష్‌తో తెరిస్తే డాష్‌తోనే. కర్త ఎంత పొడవున్నా ఊపిరి కోసం దాని తర్వాత ఒంటి కామా వేయకూడదు: ‘ది ఇంజనీర్ హూ ప్లాన్డ్ ద రిజర్వాయర్’ తర్వాత నేరుగా ‘వజ్’ రావాలి.

సమయం సంగతి: ఒక మాడ్యూల్‌లో (అంటే ఈ విభాగంలో సగంలో) 32 నిమిషాలకు 27 ప్రశ్నలు, సగటున ఒక్కోదానికి దాదాపు 71 సెకన్లు. విరామచిహ్నాల ప్రశ్నను 35–40 సెకన్లలో ముగించడం సాధ్యమే, మిగిలింది రీడింగ్‌కు వాడుకోండి. తప్పుకు మార్కులు కోయరు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు.

ప్రశ్న: ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ 2015’ తప్పా? ‘హ్యాడ్’ ఎప్పుడు వాడాలి? – ప్రైవేటు ఉద్యోగి, ఉప్పల్

జవాబు: తప్పే. ‘2015 నుంచి ఉంటున్నాను’లో వర్తమానం సరిపోతుంది, ఇంగ్లిష్‌లో ‘హ్యావ్ బీన్ లివింగ్’ కావాలి. ‘హ్యాడ్’ రావాలంటే గతంలో రెండు సంఘటనలుండాలి, ముందు జరిగినదానికి ‘హ్యాడ్’: ‘బై ద టైమ్ ఉస్మాన్ సాగర్ వజ్ కంప్లీటెడ్ ఇన్ 1920, ట్వెల్వ్ ఇయర్స్ హ్యాడ్ పాస్డ్ సిన్స్ ద ఫ్లడ్’. నిన్న వరంగల్ వెళ్లొచ్చిన సంగతి ఒక్కటే చెప్పేటప్పుడు ‘ఐ వెంట్’ చాలు, ‘హ్యాడ్ గాన్’ అక్కర్లేదు. అలాగే ‘తెలిసుంటే వచ్చుండేవాణ్ని’లో ‘ఉండు’ రెండుసార్లు వస్తుంది కాబట్టి ‘వుడ్ హ్యావ్’ను కూడా రెండుసార్లు వాడేస్తాం. ‘ఇఫ్’ ఉన్న వైపు ‘వుడ్’ రాదు: ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ కమ్’.

ప్రశ్న: ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత జీమ్యాట్ పుస్తకాలు చవగ్గా దొరుకుతున్నాయి. శాట్, ఐసెట్‌కు పనికొస్తాయా? – చిక్కడపల్లి

జవాబు: కొన్ని అధ్యాయాలకు ఇంతకంటే మంచి సాధన దొరకడం కష్టం. మాడిఫయర్లు, పోలికలు, కర్త–క్రియ, ప్యారలలిజం (వరసలో వచ్చే మాటలన్నీ ఒకే రూపంలో ఉండటం) చేయండి. ఇడియమ్స్ జాబితాలు వదిలేయండి. విరామచిహ్నాలకు ఆ పుస్తకాలు పనికిరావు, ఆ పరీక్ష వాటిని పెద్దగా పట్టించుకోలేదు.

ప్యారలలిజంలో మాత్రం మీ చెవిని నమ్మవచ్చు. ‘ఆమెకు పాడటం, బొమ్మలు గీయడం, ఈదడానికి ఇష్టం’ అంటే తెలుగులోనే చివరి మాట గుచ్చుకుంటుంది. ‘షి లైక్స్ సింగింగ్, పెయింటింగ్ అండ్ టు స్విమ్’లోనూ గుచ్చుకునేది అదే. జంట పదాల దగ్గర చెవి చాలదు. ‘నాట్ ఓన్లీ’ తర్వాత క్రియ వస్తే ‘బట్ ఆల్సో’ తర్వాతా క్రియే రావాలి. ‘షి నాట్ ఓన్లీ టీచెస్ ఫిజిక్స్ బట్ ఆల్సో కెమిస్ట్రీ’ తప్పు, ‘టీచెస్ నాట్ ఓన్లీ ఫిజిక్స్ బట్ ఆల్సో కెమిస్ట్రీ’ ఒప్పు.

ఆ పుస్తకాల్లో అయిదేసి ఆప్షన్లుంటాయి. అయిదూ మొదటి నుంచి చివరి దాకా చదివితే తల తిరుగుతుంది. ముందు అసలు వాక్యంలో క్రియను, దాని కర్తను పట్టుకోండి. తర్వాత ఆప్షన్లను నిలువుగా చూడండి, మొదటి మాట ఎక్కడ మారుతోందో. మూడింట్లో ‘హ్యాజ్’, రెండింట్లో ‘హ్యావ్’ ఉంటే ఆ ఒక్క తేడా తేల్చేసరికి రెండో మూడో ఎగిరిపోతాయి. మిగిలిన వాటిలో తర్వాతి తేడా. చివరికి ఒక్కటే మిగిలాక వాక్యంలో పెట్టి మొత్తం చదవండి, అర్థం మారిపోలేదు కదా అని. రోజుకు పది వాక్యాలు చాలు. తప్పయిన ప్రతిదానికీ నోటుబుక్కులో సరైన జవాబు కాకుండా ఇది రాయండి: నేను ఏ ఆప్షన్ పెట్టాను, అందులో ఏ మాట నన్ను లాగింది. రెండు వారాలకు ఆ పేజీలు తిరగేస్తే ఒకే మాట పదేపదే కనబడుతుంది. మీరు చదవాల్సిన అధ్యాయం అదే.

ప్రశ్న: ‘బీయింగ్’ ఉన్న ఆప్షన్ ఎప్పుడూ తప్పేనా? – వనస్థలిపురం

జవాబు: కాదు. ‘బికాజ్’ రావాల్సిన చోట ‘బీయింగ్’ పెట్టినప్పుడు ఎక్కువగా తప్పవుతుంది, అందుకే ఆ ప్రచారం. ‘ద బ్రిడ్జ్ ఈజ్ బీయింగ్ రిపేర్డ్’ నిక్షేపంగా ఒప్పు. ఒక మాటను చూసి ఆప్షన్‌ను కొట్టేయకండి. ఇదే వరసలో, ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’, ‘డిస్పైట్’ తర్వాత ‘ఆఫ్’, ‘రిటర్న్’ తర్వాత ‘బ్యాక్’ అక్కర్లేదు. ‘దాని’ అనే అర్థంలో వచ్చే ‘ఇట్స్’కు అపాస్ట్రఫీ ఉండదు, ‘ఇట్ ఈజ్’ కుదించినప్పుడే ఉంటుంది. పై హుస్సేన్ సాగర్ వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాసుకుని ఉంటే మీరు ఏది రాశారో ఒకసారి చూసుకోండి.